చూచువాని యాహారము

ముండకోపనిషత్తు ఒకే వృక్షమున రెండు పక్షులను నిలిపి, అందొకటి ఫలమును భుజించుచుండగా రెండవది తినక చూచుచుండునని చెప్పినది. హోసూరులో ఒక యింటి పెరటియందు, నూరువరహాల గుత్తిపై వ్రాలిన సీతాకోకచిలుకకు రెండడుగుల దూరమున కెమెరా పట్టి ఊపిరి బిగించి కూర్చున్నవాడు, తాను ఆ రెండవ పక్షినేయని తలచుట సహజము. తేనె త్రాగునది అది, చూచువాడను నేను, రెక్క నలగలేదు, రేకు రాలలేదు, నేను గ్రహించినది వెలుతురు మాత్రమే. ఈ తలంపు ఎంతవరకు నిలుచునన్నదే నా సంశయము.

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న హోసూరున ప్రాతఃకాలము, దిగువ కృష్ణగిరి మామిడితోపులలోకంటె చల్లన; రెక్కలు విప్పి ఎండ కాచుకొనిన పిదపగాని సీతాకోకచిలుక పూలకై బయలుదేరదు. అది పువ్వుపై కాలు మోపినంతనే రుచి యెరుగును, ఏలయన దాని రసనేంద్రియములు కొన్ని పాదములందున్నవి. కోశమును వీడి వెలువడినప్పుడు రెండు చీలికలుగానుండి, తరువాత కలసి ఒక్కటైన సన్నని నాళమును, గడియారపు తీగవలె చుట్టుకొనియున్నదానిని, విప్పి పుష్పగర్భమున దించి మధువును పీల్చును. ఆ క్షణమున చూచువాని కన్ను ఉదాసీనముగా నున్నదా? ఇంకొక చిత్రము, ఇంకను దగ్గరగా, ఇంకను మంచి వెలుతురులో అని అది తహతహలాడుచునే యుండును. ఛాందోగ్యము చెప్పిన యాహారశుద్ధిని వ్యాఖ్యానించుచు శంకరులు, శబ్దరూపాది విషయములుగా ఇంద్రియద్వారమున లోనికి వచ్చునదెల్ల ఆహారమేయనిరి. ఆ లెక్కన పెరటిలో భోజనము చేయుచున్నవారు ఇద్దరు.

భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన గురువులను పేర్కొనుచు, రూపమునకు లోబడి దీపమున కూలెడి శలభమును, పువ్వుపువ్వునను కొంచెము కొంచెముగా గ్రహించెడి తుమ్మెదను, రెంటిని స్వీకరించినాడు. పువ్వును బాధింపని తుమ్మెదను భిక్షుకునకు ఆదర్శముగా జైనుల దశవైకాలికసూత్రము మొదటి యధ్యయనముననే నిలిపినది. ధమ్మపదమును అదే చెప్పినది. కావున చూచువాడు భోక్తయగుట దోషము కాదు. ఎట్లు భుజించుచున్నాడన్నది విచార్యము. కదలకుండుటకై సీతాకోకచిలుకను శీతలయంత్రమున నుంచి, మగతగానున్నదానిని పువ్వుపై నిలిపి, మంచుబిందువులని భ్రమింపజేయుటకు నీరు చల్లి చిత్రము తీయువారున్నారు. అది ఎంత రమణీయమైనను దొంగసొమ్మే.

రూపము పట్ల ఇంత యనుమానము చూపిన పిమ్మట, దాని పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. ప్లెయిన్ టైగర్ అను నారింజరంగు సీతాకోకచిలుక గొంగళిపురుగుగా జిల్లేడాకు తిని, అందలి విషమును దేహమున నిలుపుకొనును. ఒకసారి కరచిన పక్షి మరల దాని జోలికి పోదు. డానయిడ్ ఎగ్‌ఫ్లై అనునది పాయలకూర మేసి పెరిగినది, నిర్విషము. కాని అందు ఆడుది మాత్రము ఆ నారింజరంగునే ధరించి, తినని విషమునకు గౌరవము పొందుచున్నది. (మన సమాజమున ఇట్టివారు లేరనగలమా?) ఎగిరిపోవుచుండగా రెంటిని వేరుపరచుట పక్షికే కాదు, మనకును కష్టమే. చిత్రమును తీరికగా చూచినచో, వెనుకరెక్క నడుమ మొదటిదానికి మూడో నాలుగో నల్లచుక్కలు, రెండవదానికి ఒక్కటే చుక్క కానవచ్చును. ఆత్రపడిన కన్ను దాటిపోయినదానిని నిలిచిన చిత్రము చూపినది. వివేకమునకు ఇది చిన్న సాధనము కాదు.

ఇక వేరొక చిక్కు. హోసూరు గులాబీలకు ప్రసిద్ధము. ఫిబ్రవరిలో ప్రేమికుల దినమునకై దూరదేశములకు పోవు పూవులు మొగ్గలుగా నుండగానే కోయబడును గనుక అవి ఏ కీటకమునకును దక్కవు. అది ఎందరికో జీవనాధారము, తప్పుపట్టుటకు నేనెవడను? కాని పెరటిలోనైనను పూలు మాత్రము నాటి, నిమ్మచెట్టుపై మందు కొట్టి, కెమెరాతో నిరీక్షించువాని తర్కము నాకు బోధపడదు. నిమ్మాకు తినెడి ఆ పచ్చని పురుగే మరి కొన్ని దినములకు పువ్వుపై వ్రాలవలసినది. ఆ రెండు పక్షుల కథలో చెట్టు పెంచినవాని ప్రసక్తి లేదు. గృహస్థునకు మాత్రము ఆ ప్రసక్తి తప్పదు. అతిథికి అన్నము పెట్టుమన్న తైత్తిరీయము అతిథికి రెక్కలు వచ్చువరకు ఆగుమనలేదు. మా యింట నిమ్మచెట్టును ఈ న్యాయముననే విడిచిపెట్టితిమి. కరివేపచెట్టుకును ఆ పురుగులే వచ్చుచున్నవి. దాని విషయమున వంటయింటివారు ఇంకను ఒడబడలేదు, వారి వాదమునను బలమున్నది.