పిడికెడు ఎక్కువ

2018 వేసవిలో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద సింగపూర్ నుంచి యాంగోన్ వెళ్ళాను. మా తాతగారికి మాత్రం ఆ ఊరు చివరిదాకా "రంగమే". 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవులూ కొండలూ పడి ఇండియాకి నడిచొచ్చిన లక్షల మందిలో ఆయనొకరు. మా ప్రాజెక్టులో పనిచేసే కుర్రాడొకడు ఆదివారం నాడు, "మా మామ్మకి మీతో తెలుగు మాట్లాడాలని ఉంది సార్" అంటే, పాన్సొడాన్ రేవులో లాంచీ ఎక్కాను. ఆ లాంచీ జపాన్ వాళ్ళు దానమిచ్చినదట! తాతగారు వింటే ఏమనేవారో.

పది నిమిషాల్లో నది దాటితే దలా. ఈ ఒడ్డున మేడలు, హోటళ్ళు. ఆ ఒడ్డున సైకిల్ రిక్షాలు, వేసవికి అడుగంటిన మంచినీటి చెరువులు, బిందెలతో బారులు తీరిన జనం. మామ్మగారి పెద్దలు కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళు. బర్మా వాళ్ళు తెలుగువాళ్ళని "కోరంగీలు" అనడం అందుకే. వీళ్ళు 1942లోనూ కదల్లేదు, ఇక్కడే ఉండిపోయారు. అరెకరం లోపు మడిలో తూటికూర, గోంగూర. గోంగూరని అక్కడ "చిన్‌బాంగ్" అంటారు. మనకన్నా తామే ఎక్కువ తింటామని వాళ్ళు పందెం కాస్తే మనం ఓడిపోయినా ఆశ్చర్యం లేదు.

మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఆవిడ కొడుకు మడిలో యూరియా చల్లుతున్నాడు. నాలుగు రోజుల క్రితమే చల్లారట.

"మళ్ళీ ఎందుకండీ?" అన్నాను.

"పిడికెడు ఎక్కువ పడితే తప్పులేదు బాబూ, తక్కువైతేనే ముప్పు. ఆకు నల్లగా నిగనిగలాడితేనే ఆ ఒడ్డున అమ్ముడవుద్ది. పసుపుదేలిందా, సగానికడుగుతారు."

నాలోని కంప్యూటర్ పట్టభద్రుడికి వెంటనే లెక్కలు గుర్తొచ్చాయి. యాభై కిలోల యూరియా బస్తాలో నత్రజని 23 కిలోలు. ఐపీసీసీ శాస్త్రవేత్తల మోటు లెక్క ప్రకారం మట్టిలో వేసిన నత్రజనిలో సుమారు నూటికి ఒక వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. అది చేసేది మట్టిలోని సూక్ష్మజీవులు. తడి ఎక్కువై గాలి ఆడని నేలలో వాటికి పండగే. కూరమడికి రోజూ నీళ్ళు, ఏడాదిలో పంట మీద పంట, ప్రతి పంటకీ ఎరువు. బస్తాకి వెలువడేది 360 గ్రాములే కావచ్చు. కాని వందేళ్ళ లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. గుణిస్తే, బస్తాకి సుమారు వంద కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఫ్యాక్టరీలో యూరియా తయారీకయ్యే సహజవాయువు అదనం. ఇంకో సంగతి. మొక్క అవసరం దాటాక వేసే పిడికిలికి నష్టం ఇంకా జోరుగా పెరుగుతుంది. అంటే మామ్మగారి కొడుకు చేతిలో ఉన్న ఆ ఆఖరి పిడికిలే అన్నిటికన్నా చెడ్డది.

ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆపింది సంస్కారం కాదు, మరో లెక్క. నేను సింగపూర్ నుంచి రానూపోనూ ఎక్కిన విమానంలో నా ఒక్క సీటు వాటా కనీసం రెండు బస్తాల పెట్టు. పైగా, ఆ వారమే నేను బ్యాంకు వారికి అవసరానికి రెట్టింపు సర్వర్లు పెట్టించాను. ఎందుకంటే రద్దీ రోజున సిస్టమ్ పడిపోతే తిట్లు తినేది నేను. అవి ఏడాది పొడుగునా ఊరికే కరెంటు తాగుతూ కూర్చుంటాయి. దాన్ని మా వృత్తిలో ముందుచూపు అంటారు. మడిలో జరిగితే మాత్రం అజ్ఞానం అంటారు. రెండూ భయమే కదా! నాది ఉద్యోగ భయం, ఆయనది కూటి భయం.

మరి తప్పెవరిది? నిషేధిస్తే పోతుందనుకుంది శ్రీలంక. 2021 మే నెలలో రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది యుక్రెయిన్ యుద్ధంతో ఎరువుల ధరలు మండిపోయినప్పుడు మా కుర్రాడు ఫోన్లో, "పిడికెడు ఎక్కువ మాట అటుంచండి సార్, అసలుకే లేదు" అన్నాడు. ఆ ఏడు వాళ్ళ మడి నుంచి ఉద్గారాలు తగ్గే ఉంటాయి. దాన్ని పుణ్యం అనడానికి నాకు నోరు రాలేదు. పేదవాడికి లేక తగ్గితే అది పొదుపు కాదు, పస్తు.

తగ్గవలసింది ఎరువు కన్నా ముందు భయం అని నాకనిపిస్తుంది. వరి రైతులకి ఆకు రంగు పోల్చి చూసుకునే చిన్న ప్లాస్టిక్ పట్టీ ఒకటుంది. ఆకు ఆ రంగులో ఉంటే ఇంకా వెయ్యనక్కర్లేదని అది ధైర్యం చెబుతుంది. ఇండియాలో 2015 నుంచి యూరియాకి వేపనూనె పూత తప్పనిసరి చేశారు, నత్రజని నెమ్మదిగా విడుదల కావాలని. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ఊరూరా నేర్పుతోంది. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందన్న వాదన ఉండనే ఉంది. కాని ఒక పంట దెబ్బతింటే ఆ నష్టం రైతొక్కడే మొయ్యాలి అన్నంతకాలం ఏ సలహా అయినా పిడికిలి విప్పించలేదు. ఆ నష్టంలో వాటా తీసుకోవలసినవాళ్ళలో కొనేవాళ్ళూ ఉన్నారు, అంటే నేనూ ఉన్నాను.

వచ్చేటప్పుడు మామ్మగారు పెరట్లోంచి గోంగూర కోసి పొట్లం కట్టిచ్చారు. ఆకులు చిన్నవి, కాస్త పాలిపోయి ఉన్నాయి. ఒకటి రెంటికి చిల్లులు.

"ఇది మా ఇంట్లోకి బాబూ. దీనికి బలం మందు వెయ్యం. అమ్మకానికి పనికిరాదు గానీ, పచ్చడికి బాగుంటది."

సింగపూర్‌లో ఇంటి దగ్గర కూరల అంగడికి వెళ్ళినప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ముందు నిగనిగలాడే కట్ట మీదికే పోతుంది. ఒక్క క్షణం ఆగి, పక్కనున్న పాలిపోయిన కట్ట తీసుకుని, అదే ధర ఇచ్చి వస్తాను. "చూసి తేలేరా?" అని మా ఆవిడ విసుక్కుంటూనే ఉంటుంది.