శునకమునకై శోకించుట తగునా?

గృహములో ప్రేమతో పెరిగిన శునకము మరణించినపుడు ఆ ఇంటివారు దుఃఖించుట లోకసహజము. కాని, “హరిభక్తులమని చెప్పుకొను వారము ఒక జంతువుకొరకు కన్నీరు కార్చవచ్చునా? అది మమకారము కాదా?” అను సంశయము కొందరికి కలుగుచుండును. అట్టి సంశయమే నన్నును బాధించినది.

మా యింట మోతి అను శునకము పదమూడేండ్లు జీవించినది. వేకువనే పూజకు పూలు కోయుటకై నేను పెరటిలోనికి పోగా నా వెంట వచ్చెడిది. దేవుని గది గడపను ఎన్నడును దాటి ఎరుగదు. గంట వినబడగానే వసారాలో లేచి నిలిచెడిది. నివేదన ముగిసిన పిదప నా మనుమరాలు తెచ్చి పెట్టు పిడికెడు ప్రసాదము కొరకు అది ఎదురుచూచుచుండెడిది. గత ధనుర్మాసములో అది కన్నుమూసినది. పారిజాతపు చెట్టు క్రింద దానిని పూడ్చితిమి. పసిబిడ్డ రెండు దినములు అన్నము ముట్టలేదు. “కుక్క కోసం ఇంత ఏడుపేమిటి? ఊరుకో!” అని గద్దించితిని. ఆ బిడ్డ నా వంక చూచి, “తాతయ్యా! మోతిని మరచిపోతే స్వామి సంతోషిస్తాడా?” అని అడిగినది. నా నోట మాట రాలేదు.

నా గద్దింపునకు ఆధారము జడభరతుని కథయే. రాజ్యమును విడిచి గండకీతీరమున తపస్సు చేయుచుండిన భరతుడు, తల్లిని కోల్పోయి నీటిలో పడిన లేడిపిల్లను రక్షించి పెంచెను. తుదకు దానినే తలచుచు దేహము విడిచి, లేడియై జన్మించెను. ఇది శ్రీమద్భాగవత పంచమస్కంధము చెప్పు హెచ్చరిక.

అయితే మహాభారతమున మహాప్రస్థానిక పర్వము వేరొక కథ చెప్పుచున్నది. భార్యయు, తమ్ములును నేలకొరిగిన పిదప ధర్మరాజు వెంట మిగిలినది ఒక్క శునకమే. ఇంద్రుడు రథము తెచ్చి, శునకమును విడిచి రమ్మనెను. తన్ను నమ్మి వచ్చిన దానిని విడుచుట మహాపాపమనియు, దానికంటె స్వర్గమును వదులుకొనుటయే మేలనియు ధర్మరాజు పలికెను. తమ్ములను విడిచిన వాడవు దీనిని విడువలేవా అని ఇంద్రుడు ప్రశ్నింపగా, మృతులను తాను బ్రతికింపజాలననియు, వారు జీవించియుండగా తాను విడువలేదనియు బదులు చెప్పెను. ఆ శునకము ధర్మదేవతయే.

ఒక రాజు జంతువు మూలమున యోగభ్రష్టుడయ్యెను; ఒక రాజు జంతువును విడువక ధర్మపరీక్షలో నెగ్గెను. ఈ రెండు కథలకు వైరుధ్యము లేదు. భరతుని దోషము లేడిని కాపాడుటలో లేదు. దాని ధ్యాసలో నిత్యనియమములను, హరిపూజను విడుచుటలో కలదు. ధర్మరాజు తన ముచ్చట కొరకు శునకమును కోరలేదు. ఆశ్రితుని రక్షించుట తన విధి అని నిలిచెను. ఆశ్రితరక్షణము మన స్వామి గుణము. శరణుజొచ్చిన వారిని ఆయన విడువడను నమ్మకమే కదా మన బ్రతుకులకు ఆధారము!

కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్య చరితామృతమున ఒక వృత్తాంతము కలదు. శివానందసేనుడను భక్తుడు వంగదేశ యాత్రికులను పురీక్షేత్రమునకు తోడ్కొని పోవుచుండగా ఒక శునకము వారిని అనుసరించెను. నావికుడు దానిని ఎక్కించుకొననని చెప్పగా, శివానందుడు పది పణముల గవ్వలిచ్చి ఏరు దాటించెను. ఒకనాడు సేవకుడు దానికి అన్నము పెట్ట మరచెను. శునకము కనబడకపోగా, శివానందుడు ఆ రాత్రి ఉపవసించెను. పురి చేరి చూడగా, అది మహాప్రభువుల సన్నిధిని కూర్చుండి, వారు విసరిన కొబ్బరిని తినుచు కృష్ణనామము పలుకుచుండెను. శివానందుడు దానికి సాష్టాంగపడి క్షమాపణ వేడెను. పిదప అది వైకుంఠము చేరెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. మోతి గతి ఏమని నా మనుమరాలు అడిగినపుడు నేను ఈ కథనే చెప్పితిని. జీవుల గతిని నిర్ణయించువాడు స్వామియే. మన కొలతలకు ఆయన దయ లొంగదు.

కావున ప్రియమైన ప్రాణికొరకు కన్నీరు వచ్చుట దోషము కాదు. ఆ కన్నీరు మనలను పూజామందిరమునకు దూరము చేసినచో అది భరతుని మార్గము. మరియొక ప్రాణి ఆకలి వైపు మన దృష్టిని త్రిప్పినచో అది ధర్మజుని మార్గము. మృతులకు మనము చేయగలిగినది స్వల్పము. జీవించియున్న వారికి చేయవలసినది అపారము.

నేడు మా వాకిట ఒక మట్టిమూకుడులో నీళ్లుండును. నివేదన ముగియగానే నా మనుమరాలు పిడికెడు అన్నము తీసికొనిపోయి వీధిలోని కుంటికుక్కకు పెట్టుచున్నది. నేను ఆ బిడ్డను మరల గద్దింపలేదు. గంట మ్రోగినపుడు నా చూపు వసారా వైపు పోవును. మరల స్వామి పాదముల వైపు మరలును.

సర్వభూతములలో అంతర్యామియై వెలయు శ్రీనివాసుడు మనకు మమకారము లేని కరుణను ప్రసాదించుగాక!