ఇవ్వని మందూ కర్మే

ఫిట్స్ వచ్చే పిల్లలున్న ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఫిట్ వచ్చిన రోజున పుట్టదు. మందు మొదలుపెట్టి, ఫిట్స్ ఆగి, అంతా సర్దుకున్నట్టు కనిపిస్తున్నప్పుడు పుడుతుంది. పిల్లవాడు బడిలో తూగుతుంటాడు. ఎన్నడూ లేనిది చెల్లెలి మీద చేయి చేసుకుంటాడు. గడగడా చెప్పే ఎక్కం మధ్యలో ఆగిపోతుంది. రాత్రి సిరప్ సీసా మూత తీసిన తల్లి చేయి అక్కడే నిలుస్తుంది. మూర్ఛ దానంతటది వచ్చింది, అందులో నా ప్రమేయం లేదు. ఈ మందగింపు మాత్రం నా చేతి మీదుగా బిడ్డ ఒంట్లోకి వెళ్తోంది, ఈ పాపం నాదే కదా అనిపిస్తుంది. ఆ పూటకు డోసు తప్పుతుంది. తర్వాత ఇంకో పూట. మందు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ మరింత గట్టిగా, ఒక్కోసారి ఆగకుండా వస్తాయని డాక్టరు ముందే చెప్పి ఉంటారు. కాబట్టి ఆ డోసు తెలియక తప్పలేదు. ప్రేమ వల్ల తప్పింది, ఆ ప్రేమ వెనక ఉన్న ఒక నమ్మకం వల్ల తప్పింది. దైవం చేసినది మన ఖాతాలో పడదు, చేతులారా చేసినదే పడుతుంది అన్న నమ్మకం అది. ఎంతో సహజమైన ఆ నమ్మకం తప్పని నా వాదన.

ముందుగా ఆ తల్లి భయానికి న్యాయం చేయాలి. మూర్ఛ మందులు ఏమీ చేయనివి కావు. ఫెనోబార్బిటాల్ మూర్ఛను తగ్గిస్తుందని 1912లో జర్మనీ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ ప్రకటించాడు. చవకైన మందు కాబట్టి నూరేళ్లు దాటినా వాడుకలోనే ఉంది. 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, జ్వరంతో ఫిట్స్ వచ్చిన 217 మంది పసిపిల్లల్లో కొందరికి ఈ మందు, మిగిలినవారికి మందు లేని ద్రవం ఇచ్చి రెండేళ్లు చూశారు. మందు వంతు వచ్చిన పిల్లల తెలివితేటల కొలత సగటున 8.4 పాయింట్లు తక్కువగా తేలింది. మాన్పించిన ఆరు నెలలకు కూడా 5.2 పాయింట్ల తేడా మిగిలింది. వాళ్లవి జ్వరపు ఫిట్స్, మూర్ఛవ్యాధి కాదు, అందువల్ల ఆ అంకెను ప్రతి బిడ్డకూ అంటగట్టకూడదు. కానీ తల్లి కంటికి కనిపించినది ఉత్త భ్రమ అని కొట్టిపారేయకుండా ఉండడానికి అది చాలు. ఫెనిటోయిన్‌తో చిగుళ్లు ఉబ్బుతాయి. వాల్‌ప్రోయేట్‌తో ఒళ్లు వస్తుంది, జుట్టు రాలుతుంది, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. లెవెటిరాసెటామ్ కొందరు పిల్లల్లో పట్టరాని కోపం తెస్తుంది. టోపిరమేట్‌తో నోటిదాకా వచ్చిన మాట అందకుండా పోవచ్చు. చెమట తగ్గి ఎండాకాలంలో ఒళ్లు కాలిపోవచ్చు. ఇటు మందు లేకపోతే జరిగేదీ చిన్నది కాదు. అయిదు నిమిషాలు దాటిన ఫిట్ ప్రాణం మీదికి తేగలదు. పొయ్యి దగ్గర, చెరువు గట్టున వచ్చిన ఫిట్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరు హఠాత్తుగా, తరచు నిద్రలోనే చనిపోతారు. ఫిట్స్ అదుపులో లేనివారికే ఈ ప్రమాదం ఎక్కువ.

రెండు వైపులా హాని ఉన్నప్పుడు ఒక వైపు హానిని మాత్రమే దైవానికి వదిలేయడం సబబేనా? పూర్వజన్మ కర్మ అనుభవించక తప్పదు కదా అనేవారికి మన సంప్రదాయంలోనే జవాబుంది. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు ఈ సందేహమే అడుగుతాడు, ఆయువు ముందే రాసిపెట్టి ఉంటుందా అని. అన్నీ నిర్ణయమై ఉంటే మందులెందుకు, మంత్రాలెందుకు, ఎదురొచ్చిన మదపుటేనుగు నుంచి తప్పుకోవడమెందుకు అన్న ధోరణిలో సాగుతుంది గురువు ఆత్రేయుడి సమాధానం. వెనకటి కర్మ బలహీనమైతే ఇప్పటి ప్రయత్నం దాన్ని దాటుతుందని కూడా తేలుస్తాడు. అపస్మారానికి, అంటే మూర్ఛకు, వేరే అధ్యాయాలు కేటాయించి చికిత్స చెప్పిన గ్రంథం అది. కర్మని నమ్ముతూనే మందు నూరింది. బౌద్ధుల సంయుత్త నికాయంలో, మనిషి అనుభవించేదంతా వెనకటి కర్మేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, కఫం, వాతం, రుతువుల మార్పు లాంటివి వాటిలో ఉన్నాయి, కర్మఫలం ఆఖరిది. పుట్టుగుడ్డి విషయంలో పాపం అతనిదా అమ్మానాన్నలదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్న యేసు జవాబు యోహాను సువార్త చదివే ఇళ్లలో అందరికీ తెలుసు. ఇంకో మాట కూడా చెప్పాలి. మనం దైవమని పిలిచేదాంట్లో మనుషులు చేయకుండా వదిలేసినది చాలా ఉంటుంది. కాన్పు వేళ సరైన సాయం అందక బిడ్డ మెదడుకు గాలి చాలకపోవడం మూర్ఛకు ఒక కారణం. మరుగుదొడ్లు లేని ఊళ్లో నీటితోనో కూరగాయలతోనో కడుపులోకి చేరిన బద్దెపురుగు గుడ్లు మెదడులో తిత్తులు కట్టడం మన దేశంలో మరో పెద్ద కారణం. వీటిని విధి ఖాతాలో రాసేస్తే ఊరి లెక్కలు ఎవరు చూస్తారు?

అసలు మెలిక చేయడానికీ చేయకపోవడానికీ మధ్య ఉంది. చేయకపోవడంలోని కర్మను చూడగలగడమే వివేకమని భగవద్గీత నాలుగో అధ్యాయం బోధిస్తుంది. ఆ చోట శంకరుల భాష్యం పడవ ఉదాహరణ తెస్తుంది. పడవలో పోయేవాడికి ఒడ్డున నిలిచిన చెట్లు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి. ఎంతో దూరాన నిజంగా కదులుతున్నవి కదలనట్టే ఉంటాయి. సిరప్ సీసా దగ్గర నిలిచిపోయిన చేతికి సరిగ్గా ఇదే జరుగుతోంది. ఇచ్చిన మందు చేసే హాని దగ్గరగా, రోజూ, కళ్లముందు కదులుతుంది. ఇవ్వని మందు చేసే హాని దూరంలో ఉంది కాబట్టి కదలనట్టు ఉంటుంది. ఆపగలిగే సాధనం చేతిలో లేనంతవరకే ఫిట్ దైవం పని. సీసా ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి, పోసినా పోయకపోయినా తల్లిదండ్రులు ఒక పని చేస్తున్నట్టే. ఏమీ చేయని చోటు ఇక వాళ్లకు లేదు. ఈ మాట కఠినంగా వినిపించవచ్చు, కానీ ఇందులో ఊరట కూడా ఉంది. మందు ఇచ్చిన చేయి కొత్తగా పాపంలో దిగలేదు. రెండు హానుల్లో చిన్నదాన్ని ఎంచుకుంది.

మందుకన్నా సహనమే గొప్పదని భక్తులు అనవచ్చు. హదీసు గ్రంథం సహీహ్ బుఖారీలో ఇబ్నె అబ్బాస్ చెప్పిన ఒక స్త్రీ ఉదంతం వాళ్లకు ఆధారం కాగలదు. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. స్వస్థత కోసం ప్రార్థించమంటావా, ఓర్చుకుని స్వర్గం పొందుతావా అని ప్రవక్త అడిగితే ఓర్పునే ఎంచుకుంది. కానీ పడిపోయినప్పుడు ఒంటిమీద బట్ట తొలగకుండా ఉండేలా ప్రార్థించమని కోరింది. ఆ ఎంపిక ఘనత ముందు తల వంచవలసిందే. అయితే అది ఆమె తన ఒంటి గురించి తాను చేసిన ఎంపిక. నాలుగేళ్ల బిడ్డ ఓర్పును ఎంచుకోలేదు. ఇంకొకరి శరీరం మీద మనం చూపే సహనాన్ని సహనం అనలేము. ఆమె ఆఖరి కోరిక మాత్రం ప్రతి తల్లీ తండ్రీ గుర్తుపెట్టుకోదగినది. నలుగురి ముందు పడిపోయిన బిడ్డ చేతిలో తాళాలు కుక్కకుండా, నోట్లో చెంచా పెట్టకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ గుమిగూడినవారిని దూరం జరపడం ఆ కోరికను మన్నించడమే.

గీత ఫలం మీద ఆశ వదలమంది కదా, డాక్టరు రాసిన మందు పోసి ఊరుకుంటే చాలదా అనే ప్రశ్న ఇంకో వైపు నుంచి వస్తుంది. ఫలం నాదనుకోకపోవడం వేరు, ఫలాన్ని చూడకపోవడం వేరు. గుడి ధర్మకర్తను తలుచుకోండి. మాన్యాలు ఆయనవి కావు, దేవుడివి. మన చట్టం ఆ దేవుణ్ణి మైనరుగా భావించి ఆయన తరఫున చూసుకునేవారిని పెట్టింది. ఆస్తి తనది కాదు కాబట్టే ధర్మకర్త పైసాపైసాకూ లెక్క చూపాలి. బిడ్డ శరీరానికి తల్లిదండ్రులు అలాంటి ధర్మకర్తలు. ఒక నోటు పుస్తకంలో ఫిట్ వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, డోసు పెంచిన రోజు, నిద్ర, ఆకలి, కోపం, చదువు రాసుకుంటే డాక్టరు గదిలో దొరికే పది నిమిషాలకు అర్థం వస్తుంది. డోసు తగ్గించవచ్చా, మెల్లగా వేరే మందుకు మార్చవచ్చా అని అడిగే హక్కు ఆ లెక్క నుంచి పుడుతుంది. మొదటి మందుతోనే దాదాపు సగం మందికి ఫిట్స్ ఆగుతాయి, మరికొందరికి తర్వాతి మందులతో. రెండేళ్లపాటు ఫిట్స్ రాకపోతే చాలామంది పిల్లలకు మందు క్రమంగా తగ్గించే ఆలోచన డాక్టర్లే చేస్తారు. అయితే కార్బమాజెపైన్, లామోట్రిజిన్ లాంటివి మొదలుపెట్టిన వారాల్లో ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్రం రాసుకుని ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం ఒకటి మిగిలింది. మందు స్వభావాన్నే మారుస్తుంటే మనం కాపాడుతున్నది ఎవరిని? అసలు బిడ్డ మందు ముందటివాడా, తర్వాతివాడా? ఈ ప్రశ్నకు పెద్దవాళ్లు తమ సౌకర్యాన్ని బట్టి జవాబు చెప్పుకోవడం నన్ను కలవరపెడుతుంది. కోపం పెరిగితే పొగరంటారు, దెబ్బలు వేస్తారు; మందు చేసిన పనికి బిడ్డ శిక్ష అనుభవిస్తాడు. మత్తుగా ఓ మూల కూర్చుంటే బుద్ధిమంతుడయ్యాడంటారు, ఆ హాని ఎవరి లెక్కలోకీ రాదు. అల్లరిని మాత్రమే డాక్టరుకు చెప్పి మందగింపును చెప్పకపోవడం కూడా చేయకపోవడం ముసుగులో చేసే పనే. అసలు స్వభావం ఏదో తేల్చగలమని నేను అనుకోను. ఏం చేయాలని మనసుంది, ఏది చేతకావడం లేదు అని బిడ్డనే అడగవచ్చు. తల బరువుగా ఉందని, పుస్తకంలో గీతలు కదులుతున్నాయని ఎనిమిదేళ్ల పిల్ల చెప్పగలదు. ధర్మకర్తకు లేని అదృష్టం ఇది. ఇక్కడ మైనరు మాట్లాడుతుంది, ఒక రోజున మేజరు కూడా అవుతుంది.

ఆ రోజు ఆడపిల్లల విషయంలో పెళ్లి మాటలతో పాటు వస్తుంది, ఇళ్లు మౌనంలోకి వెళ్లేది అప్పుడే. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా చేరిన మూర్ఛ అనే మాటను 1999లో పార్లమెంటు తీసేసింది. చట్టం వదిలిన మాటను ఇళ్లు ఇంకా దాస్తున్నాయి. సంబంధం చెడుతుందని జబ్బు దాస్తే మందు కూడా దాగుతుంది, అమ్మాయి అదే మందుతో గర్భవతి అవుతుంది. వాల్‌ప్రోయేట్ వాడుతున్న తల్లులకు పుట్టే ప్రతి 100 మందిలో దాదాపు 10 మందికి పుట్టుకలోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో ఇబ్బందులు వస్తాయి. ముందుగా మాట్లాడుకుంటే చాలామందికి మందు మార్చే వీలుంటుంది. కూతురు పెద్దమనిషి అయిన ఇళ్లవారికి నా మనవి ఇది. ఆమె వాడే మందు పేరు, అది ఏం చేయగలదో ఆమెకే చెప్పండి. ఆమెతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి, ఈ మందే కొనసాగించాలా అని ఇప్పుడే అడగండి. జవాబు వచ్చేదాకా ఒక్క పూట కూడా ఆపకండి.