పునరుద్ధరణ - ప్రామాణికత - సత్యనిష్ఠ: ‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ కారు వివాదం, ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

ఒక వస్తువు కాలక్రమంలో పాత భాగాలను కోల్పోయి కొత్త భాగాలను పొందినప్పుడు, అది అదే వస్తువుగా నిలుస్తుందా అన్నది తత్త్వశాస్త్రంలో ప్రాచీనమైన ప్రశ్న. ఆ వస్తువు అమ్మకానికి వచ్చినప్పుడు అది నీతికి సంబంధించిన ప్రశ్న కూడా అవుతుంది. ‘ఇది అదే’ అన్న మాటకే అక్కడ వెల కడతారు. పునరుద్ధరించిన పాతకాలపు రేసింగ్ కార్ల క్రయవిక్రయాలలో ఈ రెండు ప్రశ్నలూ పెనవేసుకొని ఉంటాయి. 1990లో ఇంగ్లండు హైకోర్టు తీర్పు చెప్పిన ‘ఓల్డ్ నంబర్ వన్’ వివాదాన్ని ఆధారం చేసుకొని, అటువంటి వస్తువును అమ్మేవారి నైతిక బాధ్యత ఎంతవరకు అన్నది పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వివాద స్వరూపం

‘ఓల్డ్ నంబర్ వన్’ బెంట్లీ సంస్థ నిర్మించిన ‘స్పీడ్ సిక్స్’ తరగతి కారు. దాని ఇంజను సామర్థ్యం ఆరున్నర లీటర్లు. ఫ్రాన్సులోని లె మాన్‌లో జరిగే ఇరవైనాలుగు గంటల రేసును 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్ ఈ కారుతో గెలిచారు. 1930లో బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ దీనితోనే మళ్లీ గెలిచారు. రేసుల మధ్య అరిగిన భాగాలను మార్చుతూ వచ్చారు. 1932 నాటికి చట్రం మారింది, ఎనిమిది లీటర్ల ఇంజను వచ్చి చేరింది. ఆ ఏడాది సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ల రేసులో కారు ట్రాక్ గట్టు దాటి పడిపోగా, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. ఆ తరువాత దానిని పైకప్పు గల కూపేగా మలిచారు. దశాబ్దాల అనంతరం అది పునరుద్ధరణ పొందింది.

1990లో ఈ కారును కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్న సంస్థ, ఇది అసలైన కారు కాదంటూ వెనుదిరిగింది. ఆ వాదన నిరాధారమైనది కాదు. 1930 నాటి కారు నుంచి మిగిలినవి బహుశా పెడల్ షాఫ్టు, గేర్‌బాక్సు తొడుగు, స్టీరింగు కాండం మాత్రమేనని విచారణలో తేలింది. అయినా న్యాయమూర్తి ఓటన్ తీర్పు అమ్మకందారుకే అనుకూలంగా వచ్చింది. భాగాలన్నీ తొలినాటివే అన్న అర్థంలో దీనిని ‘మూల’ వాహనం అనలేమని ఆయన అంగీకరించారు. అయితే కొత్త భాగాలు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా వచ్చి మొత్తంలో ఇమిడిపోయాయని, ఏ దశలోనూ కారు తన గుర్తింపును పోగొట్టుకోలేదని, ఆ పేరుకు హక్కు చెప్పగల మరో కారు లేదని నిర్ణయించారు. కనుక అది ‘ప్రామాణిక’మైన ఓల్డ్ నంబర్ వన్. అమ్మకానికి పెట్టింది లోహాన్ని మాత్రమే కాదు, దాని చరిత్రనూ కీర్తినీ కూడా.

అనన్యత: రెండు భారతీయ దృష్టులు

ఈ తీర్పును చర్చించేవారు సాధారణంగా ప్లూటార్క్ ప్రస్తావించిన థీసియస్ నౌకను ఉదాహరిస్తారు. భారతీయ దర్శనాలలోనూ ఈ సమస్యపై లోతైన చర్చ ఉంది. న్యాయవైశేషికుల మతంలో అవయవి అవయవాల సముదాయం మాత్రమే కాదు, వాటికి భిన్నమైన ద్రవ్యం. అయితే ఒక అవయవం తొలగితే పూర్వపు అవయవి నశించి మరొకటి పుడుతుంది. చిరిగిన వస్త్రం ‘ఖండపటం’ అనే వేరొక వస్తువు. ఈ దృష్టిలో 1929 నాటి బెంట్లీ ఏనాడో లేకుండా పోయింది. ‘అదే కారు ఇది’ అన్న ప్రత్యభిజ్ఞకు సాజాత్యమే ఆధారం.

‘మిలిందపఞ్హ’లో నాగసేనుడు రథాన్ని దృష్టాంతంగా తీసుకొని, భాగాలను ఆశ్రయించి ఏర్పడిన వ్యవహారనామమే రథమని నిరూపించడం ప్రసిద్ధం. ప్రస్తుత సందర్భానికి అదే గ్రంథంలోని దీపదృష్టాంతం మరింత దగ్గరగా ఉంటుంది. రాత్రంతా వెలిగిన దీపంలో తొలిజాము జ్వాల, చివరిజాము జ్వాల ఒకటీ కావు, పూర్తిగా వేరూ కావు. ఒకదానినుంచి ఒకటి అవిచ్ఛిన్నంగా సాగడమే వాటి సంబంధం. ఓటన్ తీర్పు తెలియకుండానే ఈ సంతానదృష్టికి చేరువైంది.

అవిచ్ఛిన్నత ఎంత ముఖ్యమో మరొక ఉదాహరణ స్పష్టం చేస్తుంది. 1957 నాటి కర్మాగార అగ్నిప్రమాదంలో నష్టపోయిన ఎక్స్‌కెఎస్‌ఎస్ కార్లకు బదులుగా తొమ్మిదింటిని కొత్తగా నిర్మిస్తామని జాగ్వార్ సంస్థ 2016లో ప్రకటించింది. నిర్మాత అదే, నమూనా అదే. కాని దాటివచ్చిన కాలం లేదు. ఓల్డ్ నంబర్ వన్‌లో తొలినాటి లోహం దాదాపు లేకపోయినా దాటివచ్చిన కాలం ఉంది.

మార్పు దోషమా, మరుగు దోషమా?

రేసింగ్ కారు విషయంలో ‘అన్నీ తొలి భాగాలే ఉండాలి’ అన్న కోరికలోనే ఒక వైరుధ్యం ఉంది. రేసుల్లో పాల్గొన్న కారుకు టైర్లు, బ్రేకులు, స్ప్రింగులు అరుగుతాయి. ఇంజను విప్పి బిగించక తప్పదు. ఒక్క భాగమూ మారని కారు బహుశా ఎన్నడూ పోటీపడని కారు. ఏ విజయాల వల్ల దానికి విలువ వచ్చిందో, ఆ విజయాలకే భాగాల మార్పు అవసరమైంది. కాబట్టి మార్పును దోషంగా ఎంచడం న్యాయం కాదు.

దోషం మరుగుపరచడంలో ఉంది. కొత్త చట్రం మీద పాత సంఖ్య చెక్కి ఆ సంగతి చెప్పకపోవడం, కొత్త తోలుకు కృత్రిమంగా పాతదనం తేవడం వంటివి కొనుగోలుదారు వివేచనాశక్తినే దొంగిలిస్తాయి. మొదటినుంచీ ఉన్న లోహానికే అధికమూల్యం కట్టే సంగ్రాహకులు కూడా తెలియకుండానే ఈ దొంగతనాన్ని ప్రోత్సహిస్తారు. అంతర్జాతీయ ప్రాచీన వాహన సమాఖ్య రూపొందించిన ట్యూరిన్ ప్రణాళిక పునరుద్ధరణ పనిని లిఖితపూర్వకంగా నమోదు చేయాలని కోరడంలోని ఔచిత్యం ఇదే.

ఈ నియమం తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. తాళపత్రం చిల్లిపడిన చోట పరిష్కర్త తన ఊహతో పద్యపాదాన్ని పూరించవచ్చు. ఆ పూరణను కుండలీకరించి, పాఠాంతరాలు చూపితే అది పరిష్కరణ. గుర్తు లేకుండా మూలంలో కలిపేస్తే, పూరణ ఎంత అందంగా ఉన్నా అది ప్రక్షిప్తమే.

ఒక ఆక్షేపం - సమాధానం

అవిచ్ఛిన్న చరిత్రే చాలునంటే, అమ్మకందారు దానిని అడ్డుపెట్టుకొని మారిన భాగాల సంగతి దాటవేయవచ్చు గదా అన్న ఆక్షేపం రావచ్చు. అవిచ్ఛిన్నత కంటికి కనిపించే గుణం కాదు. ఎవరు, ఎప్పుడు, ఏ భాగాన్ని, ఎందుకు మార్చారో చెప్పే వృత్తాంతం ద్వారానే అది నిరూపితమవుతుంది. ఆ వృత్తాంతంలో ఒక మార్పును దాచినవాడు తన వాదనకు ఆధారమైన గొలుసులో ఒక లంకెను తానే తెంచుకుంటాడు. లోహాన్ని అమ్మేవాడు లోహాన్ని చూపితే సరిపోవచ్చు. చరిత్రను అమ్మేవాడు మాత్రం చరిత్రనంతా చూపాలి.

ఈ బాధ్యత సాంకేతిక వివరాలతో ముగియదు. పునరుద్ధరించేవారు ఏదో ఒక సంవత్సరపు రూపాన్ని ఎంచుకోవలసి వస్తుంది. అందరూ సహజంగా విజయం సాధించిన ఏటినే కోరుకుంటారు. కాని ఓల్డ్ నంబర్ వన్ లె మాన్‌లో రెండుసార్లు గెలిచిన కారు మాత్రమే కాదు, బ్రూక్‌లాండ్స్‌లో ఒక మనిషి ప్రాణం పోయిన కారు కూడా. 1929, 1930 విజయాలను నేటి కారుకు అందించే అవిచ్ఛిన్నతే 1932 మరణాన్నీ అందిస్తుంది. ఒకదాన్ని స్వీకరించి రెండోదాన్ని విడిచిపెట్టే హక్కు ఆ వారసత్వంలో లేదు.

ఉపసంహారం

వస్తువు ప్రామాణికత దాని ద్రవ్యంలో మాత్రమే లేదు, దాని పేరులో మాత్రమే లేదు. ద్రవ్యం మారుతున్నా తెగని చరిత్రలో, ఆ చరిత్రను దాచకుండా చెప్పే సత్యనిష్ఠలో ఉంది. కారు ప్రామాణికమేనని న్యాయస్థానం తేల్చగలదు. ప్రతి పునరుద్ధర్తా ప్రతి అమ్మకందారూ ఆ ప్రామాణికతకు తగినట్లు నడుచుకోవడం మాత్రం తీర్పుతో సిద్ధించేది కాదు.