చెయ్యి తిరిగినవాళ్ళ కాఫీ

కాఫీ డ్రిప్పర్ ఎంచుకోడానికి నాకు మూడు వారాలు పట్టింది. చూస్తే అది అరచేతిలో పట్టే గరాటు. కాగితం ఫిల్టర్ పెట్టి, పొడి వేసి, పైనుంచి వేణ్ణీళ్ళు పోస్తే కింద కప్పులోకి కాఫీ దిగుతుంది. ఇందులో మంచీచెడ్డల ప్రశ్న ఏముంటుందని మీరు అడగొచ్చు. అప్పుడు నేనూ ఉందనుకోలేదు.

వడపోతల తర్వాత రెండు మిగిలాయి. రెండూ జపాన్ కంపెనీలవే. హరియో వి60 అంటే 60 డిగ్రీల శంకువు, లోపల మెలి తిరిగిన గట్లు, అడుగున ఒకే పెద్ద రంధ్రం. నీళ్ళని పట్టి ఆపేది పెద్దగా ఏమీ ఉండదు. పొడి ఎంత సన్నగా ఉంది, ధార ఎక్కడ, ఎంత నెమ్మదిగా పడింది అన్నదాన్ని బట్టే రుచి. కలీటా వేవ్‌కి అడుగు చదును, మూడు చిన్న రంధ్రాలు. పొడి మట్టంగా పరుచుకుంటుంది, నీళ్ళు ఆగి ఆగి దిగుతాయి. పోసే చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా రుచి మరీ పాడవదు. కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని ‘క్షమించే డ్రిప్పర్’ అంటారు.

ఆ మాట వినగానే నేను వి60 కొన్నాను. నా తప్పుని కప్పిపుచ్చే పరికరం నాకెందుకు? కోడ్ రాసేటప్పుడూ నా పద్ధతి అదే. తప్పు రాస్తే కంపైలర్ అక్కడికక్కడే ఆపాలి, నోరుమూసుకుని సర్దుకుపోకూడదు. 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్ళు. ముందు కొంచెం పోసి 30 సెకన్లు ఆగి, తర్వాత సన్నటి ధారతో గుండ్రంగా పొయ్యాలి. మొదటి నెలంతా ఓ రోజు పులుపు, ఓ రోజు చేదు. తర్వాత చెయ్యి తిరిగింది. అదంతా నా ఓపిక, నా శ్రద్ధ అనుకున్నాను.

ఆమధ్య రాజమండ్రి నుంచి నాన్న వచ్చారు. కొన్నాళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది, మందులు వాడుతున్నారు. నా చిన్నప్పుడు పొద్దున్నే డికాక్షన్ తీసేది ఆయనే. ఇత్తడి ఫిల్టర్లో పొడి వేసి, బిళ్ళతో అదిమి, వేణ్ణీళ్ళు పోసి, మూత పెట్టి పేపర్ పట్టుకునేవారు. మా ఇంటికొచ్చిన రెండో రోజు నాకంటే ముందే లేచి నా కెటిల్ అందుకున్నారు. ధార ఒకేచోట పడి పొడిలో గుంట పడింది. కొన్ని నీళ్ళు కాగితం అంచు దాటి గట్టు మీద ఒలికాయి.

“ఇలా ఇవ్వు నాన్నా, నేను పోస్తా” అని కెటిల్ తీసేసుకున్నాను.

“నీదేదో లెక్కుంది కదా, నువ్వే పొయ్యరా” అని వెళ్ళి సోఫాలో కూచున్నారు. తర్వాత వారం రోజులు నేను లేచేదాకా ఆయన వంటింట్లోకి రాలేదు.

బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ 1976లో ‘నైతిక అదృష్టం’ గురించి చెరో వ్యాసం రాశారు. బ్రేకులు చూసుకోని లారీ డ్రైవర్ దారిలో పిల్లవాడు అడ్డొస్తే అతన్ని ఒకలా చూస్తాం, ఎవరూ అడ్డురాకపోతే ఇంకోలా చూస్తాం. రెండు చోట్లా అజాగ్రత్త మాత్రం ఒకటే. మన చేతిలో లేనివాటి మీద నింద, మెప్పు ఎంత ఆధారపడతాయన్నది వాళ్ళ ప్రశ్న. నా మెప్పు సంగతీ అంతే. సాధన నాదే, కాదనను. కానీ సాధనకి లొంగే చెయ్యి నేను సంపాదించుకున్నది కాదు.

అలాగని నైపుణ్యానికి విలువ లేదనను. శ్రద్ధ లేకుండా మంచి కాఫీ రాదు, మంచి కోడూ రాదు. తప్పు చూపించే పరికరం నేర్చుకునేవాడికి గురువు లాంటిది. ఎంత నేర్చుకున్నా నిలవని చేతికి మాత్రం అది రోజూ పొద్దున్నే ఎదురయ్యే అవమానం. నా మీద నేను పెట్టుకున్న కఠినత్వం నా ఇష్టం. ఇంట్లో అందరూ ఆ పరీక్ష పాసైతేనే కాఫీ అనడం వేరే సంగతి.

అసలు ‘క్షమించే’ అన్న మాటే తప్పు. నాన్న చేతిలో క్షమించడానికి నేరం ఏముంది? 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్స్ అనే గృహిణి ఇత్తడి గిన్నెకి చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని బ్లాటింగ్ పేపర్ వేసి కాఫీ వడపోసింది. నోట్లో పిప్పి అడ్డుపడకుండా తాగాలన్నదే ఆవిడ ఉద్దేశం. ఎవరి చెయ్యి ఎంత నిలకడో తేల్చడానికి పుట్టిన వస్తువు కాదిది.

కలీటా కొన్నాను. ఇత్తడి ఫిల్టర్ తెప్పిస్తానంటే “నువ్వు తాగేదే నేనూ తాగుతాలే” అన్నారు. ఇప్పుడు రాత్రే పొడి తూచి పెడతాను, కెటిల్ సగమే నింపుతాను. పొద్దున్న ఆయన పోస్తారు. కాఫీ నేను చేసేదానికంటే ఓ పిసరు పల్చగా ఉంటుంది. అందులో ఆయన పాలు కూడా పోసుకుంటారు, నేనేమీ అనను.

వి60 అలమారలో ఉంది, ఆదివారాలు తీస్తాను. ఆ రోజు చేతిలోంచి కెటిల్ లాక్కున్నందుకు మాత్రం ఆయనకి సారీ ఇంకా చెప్పలేదు.