తాళం మనం వేసి 'తఖ్దీర్' అనవచ్చా?

కర్మాగారంలో మంటలు చెలరేగి కార్మికులు చనిపోయారన్న వార్త వినగానే మనం 'ఇన్నా లిల్లాహ్' చదువుతాము. ఆ తర్వాత "ఏం చేస్తాం, తఖ్దీర్!" అంటాము. ఆ మాట ఎవరి నోట వస్తోందో చూడాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అంటే అది సహనం. తలుపుకు తాళం వేయించిన యజమాని అంటే అది సాకు.

2012 సెప్టెంబరు 11న కరాచీ బల్దియా టౌన్‌లోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల కర్మాగారంలో మంటలకు, పొగకు 250 మందికి పైగా బలయ్యారు. కిటికీలకు ఇనుప ఊచలు, బయటికి పోయే తలుపులకు తాళాలు ఉన్నాయని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. అంతకు కొన్ని వారాల ముందే, అక్కడ కార్మికుల భద్రత సవ్యంగా ఉందంటూ ఎస్.ఎ. 8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చారు! ఆ నిప్పు డబ్బు వసూలు కోసం దుండగులు పెట్టినదని 2020లో కోర్టు తీర్పు చెప్పింది.

మరి నిప్పు పెట్టినవాడు వేరొకడైతే, తాళం వేసినవాడు నిర్దోషి అవుతాడా? ప్రజలు నడిచే దారిలో ఒకడు అక్రమంగా గొయ్యి తవ్వాడు. అందులో ఒక బాటసారి పడి మరణించాడు. చంపే ఉద్దేశం లేకపోయినా దియత్ (రక్త పరిహారం) చెల్లించవలసిందేనని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. దారిలో గొయ్యి తవ్వినందుకే ఇంత బాధ్యత ఉంటే, దారినే మూసివేసినవాని సంగతేమిటి?

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు తగలబడింది. సంగతి తెలిసి దైవప్రవక్త (సఅసం) నిప్పు మీకు శత్రువనీ, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలనీ బోధించారు (బుఖారీ, ముస్లిం). గమనించండి! తఖ్దీర్‌ను మనకు నేర్పిన ప్రవక్తే (సఅసం) జాగ్రత్తను కూడా నేర్పారు. ప్లేగు వ్యాపించిన సిరియాకు వెళ్లకుండా వెనుదిరిగిన హజ్రత్ ఉమర్ (రజి)ను, దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని అడిగితే, ఒక దైవ నిర్ణయం నుండి మరో దైవ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని ఆయన బదులిచ్చారు. తెరచి ఉంచిన తలుపు కూడా తఖ్దీరే!

మంటల్లో చనిపోయిన విశ్వాసికి షహీద్ హోదా లభిస్తుందని హదీసులో ఉంది (అబూ దావూద్). ఇది మృతుల కుటుంబాలకు గొప్ప ఓదార్పు. దీన్ని యజమాని తన తప్పుకు మాఫీగా చెప్పుకోవడానికి వీల్లేదు.

ఇదంతా ఎక్కడో కరాచీ సంగతి అనుకోకండి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకుంది. పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మనలో కూడా ఎందరికో చిన్న కార్ఖానాలు, గోదాములు ఉన్నాయి. సరుకు పోతుందన్న భయంతో రాత్రిపూట పనివాళ్లను లోపల ఉంచి బయట తాళం వేసేవారూ ఉన్నారు. సరుకు అమానతే. కాని ఆ పనివాడి ప్రాణం అంతకంటే పెద్ద అమానత్.

మంటలు లేచినప్పుడు తప్పించుకునే దారి ఉండాలనీ, ఆ దారి కార్మికులందరికీ తెలిసి ఉండాలనీ మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కనుక సోదరులారా! ఈ రోజే వెళ్లి చూడండి. రెండో దారి ఉందా? మెట్ల మీద మూటలు పేర్చి ఉన్నాయా? లోపలి నుండి తలుపు తెరుచుకుంటుందా? గోడకు తగిలించిన మంటలార్పే సిలిండరు పనిచేస్తోందా? దాన్ని వాడటం పనివాళ్లకు వచ్చా? తనిఖీకి వచ్చిన అధికారికి కాగితం చూపి పంపించవచ్చు. కాని ప్రతి ఒక్కరూ కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతాడనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. అక్కడ ఏ కాగితం చూపిస్తాము?

మన చేతి కింద పనిచేసేవారి ప్రాణాలను అమానత్‌గా కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.