మౌనం అర్ధాంగీకారమేనా?

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈ మాటను సమావేశాల్లోకి తీసుకొస్తే ఎవరికి నష్టమో మన యువతీయువకులు ఆలోచించాలి.

మా కొండపల్లి ప్రాంతంలో లంబాడా, ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలు చదువుకుని సంఘాలు పెట్టుకుంటున్నారు. సంతోషమే. అయితే సమావేశంలో జరిగేది ఏమిటి? డిగ్రీ చదివినవాడు మాట్లాడతాడు. పక్కన ఇద్దరు అవునంటారు. చివర్లో “ఎవరికైనా అభ్యంతరమా?” అని అడుగుతారు. వెనక కూర్చున్న ఆడపిల్లలు, కూలికి వెళ్లొచ్చినవాళ్లు, ఇంటి భాషలోనే ధైర్యంగా మాట్లాడగలిగినవాళ్లు తల వంచుకుంటారు. పుస్తకంలో “ఏకగ్రీవం” అని రాసేస్తారు.

ఆ మౌనం ఒప్పుదలే అని ఎలా చెప్పగలం? అర్థం కాకపోయి ఉండవచ్చు. భయం, అలసట, పెద్దవాళ్ల మాట కాదనలేని మొహమాటం, ఏదైనా కావచ్చు. చదివి వినిపించని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని “ఊరు ఒప్పుకుంది” అంటే మనం అన్యాయమంటాం. అదే పని మన సంఘంలో మనమే చేస్తే దాన్ని ఏమనాలి?

ఒడిశాలోని నియమగిరిని గుర్తు చేసుకుందాం. బాక్సైట్ గనుల విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో 12 పల్లెల్లో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు, వారి ఇరుగుపొరుగువారు నోరు తెరిచి చెప్పారు. 12 సభలూ గనులు వద్దన్నాయి. అడిగారు కాబట్టే ఆ జవాబు లోకానికి వినిపించింది.

అటవీ హక్కుల నిబంధనల్లో 2012 సవరణ ప్రకారం గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలుండాలి. కొండపల్లి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడ పెసా చట్టం వర్తించదు. మన యువజన సంఘాలకు ఇలాంటి నియమం మనమే పెట్టుకోవాలి.

మేము చెప్పేవి చిన్న పనులే. కూలి పనుల వేళ కాకుండా సమావేశం పెట్టండి. ఏం మాట్లాడతారో ముందే చెప్పండి. గుండ్రంగా కూర్చోండి. చిన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడగండి. ఇంటి భాషలో చెప్పనివ్వండి. “నాకింకా అర్థం కాలేదు” అన్నా జవాబుగానే తీసుకోండి. రాసిన తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు తీసుకోండి.

ఇలా అయితే తెల్లారిపోతుందని కొందరంటారు. నిజమే, ఆలస్యమవుతుంది. కొండపల్లి బొమ్మకు తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అది ఆరేదాకా ఆగాల్సిందే. తొందరపడి చేసిన తీర్మానం పని రోజున బయటపడుతుంది. ఇరవై మంది సంతకం పెట్టిన పనికి నలుగురే వస్తారు. రానివాళ్లను తిడతాం కానీ, వాళ్లను అసలు అడిగామా అని చూసుకోం.

మౌనంగా ఉండే హక్కు ఎవరికైనా ఉంది. ఆ మౌనాన్ని ఒప్పుదలగా రాసుకునే హక్కు సమావేశం నడిపేవారికి లేదు.